తేమ: ఎనిమిది పాయింట్ ఏడు

జూన్ 9, సోమవారం

మూడో ఓవెన్ మళ్లీ మొరాయించింది. మిగిలిన రెండింటితోనే ఓడకెక్కే సరుకు మొత్తానికి తేమ తేల్చాలి. సార్‌కి చెబితే "సర్దుకో అమ్మా" అన్నారు. ఈ ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా నేను చేస్తున్న అసలు ఉద్యోగం అదే.

నాలుగు రోజుల వాన తర్వాత పొద్దున తెరిపి ఇచ్చింది. సరుకు గుట్ట ఎక్కి పన్నెండు చోట్ల పార దించాను. పై పొర గీకేసి మోచేతి లోతుకి వెళ్లి తీయాలి, అలాగే తీశాను. ఒక్కో చోట రెండేసి సంచులు, ఒకటి పరీక్షకి, దాని జత సీలు వేసి బీరువాలోకి. ఆ పనిలో నన్ను వేలెత్తి చూపగలిగేవాడు ఇంకా పుట్టలేదు. మా రేవులో ఎక్కేది ఒక్కటే సరుకు, ఇనుప ఖనిజం పొడి. గోళ్లలోకి దూరితే మూడు రోజులు వదలదు. అత్తయ్య నన్ను "మా ఎర్రచేతుల కోడలు" అని అందరికీ పరిచయం చేస్తుంటారు.

సంచులు ల్యాబ్‌కి చేరేసరికి మూడైంది. బల్ల నిండా అంతకుముందు ఓడ శాంపిళ్ల ట్రేలు. నేల మీద కప్పు కారిన నీళ్లు. సంచులు ఎక్కడో ఒకచోట పెట్టి, మూతులు విప్పి చీటీలు వేస్తుంటే ఈయన ఫోన్ చేశారు. అత్తయ్య స్నానాలగదిలో జారిపడ్డారట. ఉన్నది ఉన్నట్టు వదిలేసి పరుగెత్తాను. ఎముక విరగలేదు. "ఆ డాక్టరు నన్ను ముసలమ్మా అన్నాడు, ముందు వాడి కళ్లు చూపించుకోమను" అని దారంతా సణుగుతూనే ఉన్నారు. నవ్వలేక చచ్చాను.

జూన్ 11, బుధవారం

తేమ 8.7 శాతం. హద్దు 9.2. మూడు కాగితాలు టైపు చేసి సంతకం పెట్టాను. ఒకటి ఓడకి, ఒకటి అవతలి దేశంలో కొనేవాళ్లకి, ఒకటి మాకు. సార్ ముద్ర కొడుతూ "అంత వానకి ఇంత తక్కువా!" అన్నారు. నేను మాట్లాడకపోతే, "గుట్ట మీద టార్పాలిన్లు బాగా కప్పారన్నమాట" అని జవాబూ ఆయనే చెప్పుకున్నారు.

సరుకుని ఓడలోకి పోసే బెల్టు మొదలైంది. దాన్ని నడిపే ఈయనకి మూడు రోజులు వరసగా డ్యూటీ.

జూన్ 12, గురువారం

ఓడ మేట్ ల్యాబ్‌కి వచ్చాడు. ఓడలో కెప్టెన్ తర్వాత అతనే, సరుకు పూచీ అంతా అతనిది. తాడిచెట్టంత మనిషి. గుమ్మాల కింద వంగీ వంగీ, నిటారుగా నిలబడ్డాననుకున్నప్పుడు కూడా కాస్త వంగే ఉన్నాడు. బాగా జలుబు చేసి ఉంది. చేతిలో రేకు డబ్బా.

డబ్బాలో సగం దాకా పొడి పోసి గట్టి చోట ఇరవై అయిదు దెబ్బలు కొట్టి చూస్తారు ఓడవాళ్లు. పైకి నీళ్లు తేలితే సరుకు పనికిరాదని లెక్క. డబ్బా నా బల్ల మీద పెట్టి "చూడండి మేడం" అన్నాడు. పైన తడి మెరుస్తోంది.

"చినుకుల్లో పట్టి ఉంటారు" అన్నాను.

"చినుకులేవండీ, ఎండ కాస్తుంటే! బెల్టు మీంచి పడేదే పట్టాను."

"మీది కంటితో చూసే పరీక్ష. మాది తూకం. కన్ను మోసపోతుంది గానీ కాటా మోసపోదు."

తుమ్మాడు. ముక్కు తుడుచుకుని, "తూచింది మీరేనా, ఇంకెవరైనానా?" అన్నాడు.

"నేనే."

"తప్పుగా అనుకోకండి. నీళ్లు హద్దు దాటితే ఇది లోపల బురదైపోతుంది. ఓడ ఒక పక్కకి ఒరిగిందంటే అంతా అటే జారుకుంటుంది, మళ్లీ ఇటు రాదు. ఓడా రాదు. ఇరవై ఒక్కమందిమి ఉన్నామండీ."

"పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నాకు తెలీదా?"

"మీరే తూచారంటే సరే మరి" అన్నాడు. డబ్బాలోది కిటికీలోంచి పారబోశాడు. వేడినీళ్లు అడిగి తాగాడు. సర్టిఫికెట్ ఫోటో పంపమని తన ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లాడు. అప్పుడే పంపేశాను.

ఈ రేవులో నాతో అంత మర్యాదగా మాట్లాడినవాళ్లు తక్కువ. సాయంత్రమంతా హుషారుగా తిరిగాను. మీ మొహం వెలిగిపోతోందేమిటని ఈయన వెక్కిరించారు, "మీ" అని కూడా అన్నారు.

జూన్ 14, శనివారం

ఓడ వెళ్లిపోయింది. అవతలి రేవుకి పదహారు రోజులు.

జూన్ 16, సోమవారం

జత సంచులు బీరువాలో సర్దుతుంటే ప్లాస్టిక్ లోపలి వైపు నీటిచుక్కలు కనిపించాయి. పన్నెండింటికీ.

ఒక సంచి విప్పాను. విప్పకూడదు. తూచి ఓవెన్‌లో పెట్టాను.

జూన్ 17, మంగళవారం

10.9.

మళ్లీ తూచాను. 10.9.

రాస్తే గానీ మనసు కుదుటపడదు. ఇది చదివేవాళ్లు ఎలాగూ లేరు. 9వ తేదీన సంచులు పెట్టింది ఓవెన్ మీద. నడుస్తున్న ఓవెన్ మీద, మూతులు విప్పి. తడి బరువు గంటలోపు చూడాలి. నేను మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చూశాను. పద్దెనిమిది గంటలు అవి అక్కడ వెచ్చగా ఆరుతూ కూర్చున్నాయి. తర్వాత వాటిని తూచి, ఎండబెట్టి, తేమ ఎంత పోయిందో లెక్క కట్టాను. పోవాల్సింది ముందే పోయింది.

రిజిస్టరు తీసి చూశాను. "తూచిన సమయం" కింద 3.30 అని ఉంది. నా అక్షరాలే. చేతి అలవాటు. రోజూ ఆ గడిలో అదే రాస్తాం కాబట్టి అలా పడిపోయింది.

ఓడ వెళ్లి మూడు రోజులు. ఇంకా పదమూడు ఉన్నాయి. ఇప్పుడు చెప్పినా దగ్గర్లో ఏదో ఒక రేవుకి మళ్లించుకోవచ్చు. రేపు పొద్దునే సార్‌కి చెబుతాను.

జూన్ 18, బుధవారం

చెప్పలేదు. సార్ మీటింగులో ఉన్నారు. మధ్యాహ్నం ఖాళీగానే ఉన్నారు గానీ పేపరు చదువుకుంటున్నారు.

జూన్ 19, గురువారం

చెప్పాను. ఓవెన్ సంగతి, 10.9 సంగతి. 3.30 సంగతి చెప్పలేదు, ఆయనే రిజిస్టరు తెరిచి చూశారు. చాలాసేపు ఆ గడి మీద వేలు పెట్టి కూర్చున్నారు.

"జత సంచి ఎందుకు విప్పావమ్మా?"

"అనుమానం వచ్చి సార్."

"ఇరుపక్షాలూ ఎదుట ఉంటే తప్ప విప్పకూడదని నీకు నేర్పింది ఎవరు?"

"మీరే."

"నువ్వొక్కదానివే విప్పావు. ఎవరు నమ్ముతారు? నీళ్లు పోసి తూచిందంటారు."

"ఇంకా పదకొండు ఉన్నాయి సార్. అందర్నీ పిలిచి విప్పిద్దాం."

"ఎవరడిగారని పిలుస్తాం? ఓడవాళ్లు అడిగారా? కొనేవాళ్లు అడిగారా?" గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు. "నువ్వు ఇక్కడికి ట్రేలు కడగడానికి వచ్చావు. పాయింటు తర్వాత అంకె ఎందుకు వేస్తారో నీకు తెలీదు. గుర్తుందా? నీ సంతకం అబద్ధమని తేలితే నా ముద్ర అబద్ధమవుతుంది. ముద్ర పోతే ఏ ఓడా ఇటు రాదు. గుట్ట దగ్గర, బెల్టు దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకో. సముద్రం నిమ్మళంగా ఉంది. చేరిపోతుందిలే, ఇంటికెళ్లు."

సార్‌ని తిట్టుకుందామంటే నోరు రాదు. దశాంశాలు నేర్పడానికి ఆయన రెండు నెలలు నా కోసం సాయంత్రాలు ఆగిపోయారు. ఒక్క రోజు విసుక్కోలేదు. సాయంత్రానికి బీరువా తాళంచెవి మేకుకి లేదు.

జూన్ 20, శుక్రవారం

ఈయనకి చెప్పాను. అన్నం తింటూ విన్నారు. చేయి కడుక్కుని వచ్చి, "నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"బెల్టు నడిపింది నేను కాదా? పొడి బెల్టుకి జిగురులా పట్టేస్తుంటే గంటకోసారి గీకించాను. ఆరిన సరుకు అలా పట్టదు."

"మరి ఆపలేదేం?"

"నీ కాగితం ఉందిగా! బోర్డుకి అంటించి పెట్టారు, 8.7 అని, కింద నీ సంతకం. ఇంట్లో మనిషి సంతకాన్ని కాదని వెళ్లి ఎవడితో చెప్పుకోను?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు అన్నాను. చవట అని కూడా అన్నాను. నేను అనాల్సింది ఆయన్ని కాదని ఇద్దరికీ తెలుసు.

పక్కగదిలోంచి అత్తయ్య అంతా విన్నారు.

జూన్ 21, శనివారం

అత్తయ్య కాఫీ గ్లాసు అందుకుంటూ, "ఓడ చేరిందా?" అన్నారు. పాలవాడు వచ్చాడా అన్నట్టు.

జూన్ 22, ఆదివారం

"ఓడ చేరిందా?"

జూన్ 23, సోమవారం

మేట్‌కి మెసేజ్ పంపాను. ఓడలో ఇంటర్నెట్ వారానికి రెండుసార్లే ఇస్తారట, అప్పుడే అందుతుంది. పొద్దుటి నుంచి ఏడుసార్లు రాసి చెరిపేశాను. క్షమించమని ఒకటి, కారణాలతో ఒకటి, అత్తయ్య జారిపడటంతో మొదలుపెట్టి ఒకటి. చివరికి ఇదొకటే పంపాను: "తేమ 8.7 కాదు, 10.9. తప్పు నాదే. దయచేసి దగ్గర్లో రేవుకి వెళ్లండి."

పంపగానే ఆకలేసింది. వారం తర్వాత కడుపునిండా తిన్నాను.

జూన్ 26, గురువారం

జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు దించుకుంటున్నాను.

"మేడం, కెప్టెన్‌కి చెప్పాను. ల్యాబ్ కాగితం 8.7 అంటోంది, ఫోన్లో ఎవరో ఏదో అన్నారని ఓడ తిప్పితే కంపెనీ ఊరుకుంటుందా అన్నారు. మీరు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఫోటో పంపండి. ముద్ర లేకపోయినా పర్లేదు. కాగితం ఉంటే నేను ఒప్పిస్తాను. ఆదివారం వరకు చూస్తాను."

తిట్టలేదు. ఒక్క మాట అనలేదు. కనీసం తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 27, శుక్రవారం

ఉత్తరం రాశాను. ఏడు వాక్యాలు. సంతకం పెట్టాను. ఫోటో తీశాను.

ఈయన చూశారు. "పంపు" అన్నారు. నిజంగానే అన్నారు, వెక్కిరింపుగా కాదు. "పంపేసి ఇద్దరం ఇంట్లో కూర్చుందాం. పంపు."

వచ్చే నెల ఆయన కాంట్రాక్టు కాగితం తిరగరాస్తారు. అది ఆయన అనలేదు. నేనే అనుకున్నాను.

రేపు పంపుతాను. ఆదివారం దాకా టైముంది.

జూన్ 28, శనివారం

వాళ్ల దారిలో అల్పపీడనం అట. వార్తల్లో మ్యాపు మీద తిరుగుతూ చూపించారు. అత్తయ్య టీవీ ఆపేశారు.

జూన్ 29, ఆదివారం

చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ఇంక ఒక్క రోజే కదా, రేపు చేరిపోతుంది కదా, ఇప్పుడు తిప్పుకోమంటే తుపానులోకే తిప్పుతారేమో, నేను పంపితేనే ప్రమాదమేమో. ఇలా చాలా తోచాయి. అన్నీ నిజమే అనిపించాయి.

ఫోటో పంపలేదు.

3.30 అలవాటుగా పడింది కాదు. తొమ్మిది అని రాయబోయి, అలా రాస్తే పన్నెండు శాంపిళ్లూ మళ్లీ తీయాలి, మళ్లీ గుట్ట ఎక్కాలి అనుకుని, 3.30 వేశాను. వేసేటప్పుడు తెలుసు.

జూన్ 30, సోమవారం

చేరాల్సిన రోజు. ఏ కబురూ లేదు.

జూలై 1, మంగళవారం

లేదు. సార్ కూడా రెండుసార్లు షిప్పింగ్ ఆఫీసుకి ఫోన్ చేశారు. నా వైపు చూడకుండా చేశారు.

ఇరవై ఒక్కమంది. గుట్ట దగ్గర మనుషుల్ని చూసి ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టాను. చాలామంది.

జూలై 2, బుధవారం

చేరింది! గాలికి మెల్లగా నడిపారట, అందుకే రెండు రోజులు ఆలస్యం. ఒక పక్కకి కాస్త ఒరిగి చేరిందట, అయినా చేరింది. ట్రేలు కడిగే తొట్టి దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. సార్ అందరికీ టీ తెప్పించారు. గ్లాసు నా చేతికిచ్చి "చూశావా?" అన్నారు.

ఇంటికొచ్చి ఉత్తరం చింపేశాను. ఫోటో తీసేశాను. ఈయన అత్తయ్యతో "ఓడ చేరింది" అని చెబితే, "ఏ ఓడ?" అన్నారు ఆవిడ.

ఇక జన్మలో ఇలా చేయను.

జూలై 19, శనివారం

రాయడానికేం లేదు. బాగానే ఉన్నాం. ఈయన కాంట్రాక్టు తిరగరాశారు.

ఆగస్టు 4, సోమవారం

అదే ఓడ మళ్లీ వస్తోంది. వారం నుంచి వాన తెరిపి లేదు. గుట్ట మీద పార దించితే గుంటలోకి నీళ్లు ఊరుతున్నాయి.

ఆగస్టు 5, మంగళవారం

సంచులు తెచ్చాను. బల్ల ఖాళీగానే ఉంది. ఈసారి వెంటనే తూచాలని, వచ్చేటప్పుడే పెన్ను జేబులో పెట్టుకుని వచ్చాను. సార్ గుమ్మంలో ఉన్నారు. నా చేతిలోంచి సంచులు తీసుకుని ఒక్కొక్కటే ఓవెన్ మీద పెట్టారు. మూతులు విప్పారు. జత సంచులు కూడా సీలు వేయనివ్వకుండా, మూతులు విప్పి పక్కనే వరసగా పెట్టారు.

"అక్కడే ఉండనీ. నేల తడిగా ఉంది" అన్నారు.

"బల్ల ఉంది సార్."

"పోయినసారి ఇలాగే చేశాం. చేరిందిగా!"

అంతే. ఆయన చెప్పులు తడిసి ఉన్నాయి, గట్టు మీద విప్పి లోపలికి వెళ్లారు. గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను. ఒక్క సంచి కూడా కిందికి దించలేదు. దించడానికి చేతులకి ఏ రోగమూ లేదు.

ఆగస్టు 7, గురువారం

8.9. ఈసారి జత సంచి విప్పి తూచినా 8.9 వస్తుంది.

సంతకం పెట్టాను. పెట్టేముందు ఒకటి నిర్ణయించుకున్నాను. కాగితం సంగతి కాగితానిది. మేట్ వస్తే ఎదురుగా, నోటితో చెప్పేస్తాను. తేమ ఎక్కువుంది, ఎక్కించుకోకండి అని. అతను డబ్బా కొట్టి చూపిస్తాడు, ఓడవాళ్లే వద్దంటారు. అప్పుడు నా మీదా ఉండదు, సార్ మీదా ఉండదు. దీంతో మనసు తేలికపడింది.

ఆగస్టు 8, శుక్రవారం

వచ్చాడు. జలుబు లేదు. కాస్త ఒళ్లు చేశాడు. చేతిలో డబ్బా లేదు.

"డబ్బా ఏదండీ?" అన్నాను.

"మీ కాగితం ఉండగా అదెందుకు మేడం?" నవ్వాడు. "పోయినసారి మీరు చేసిన పనికి వారం రోజులు నిద్ర లేదు నాకు. కెప్టెన్ ఇప్పటికీ ఏడిపిస్తాడు, నీ ల్యాబ్ మేడం ఏమంటోంది, ఓడ తిప్పమంటోందా అని."

తలుపు వేశాను. సార్ గది అవతలే ఉంది. మెల్లగా అయినా స్పష్టంగానే చెప్పాను. "ఇది 8.9 కాదు. పదకొండు పైనే ఉంటుంది. ఎక్కించుకోకండి."

నవ్వడం ఆపేశాడు. కాగితం తీసి చూశాడు. "ఈ సంతకం మీదే కదండీ?"

"నాదే."

"తూచింది?"

"నేనే."

"మరి?"

ఒకసారి డబ్బా కొట్టి చూడమన్నాను. బతిమాలాను.

"మేడం, పోయినసారి కూడా ఇలాగే అన్నారు. కాగితం మీద రాయమంటే రాయలేదు. ఆదివారం రాత్రి దాకా ఎదురుచూశాను. రాలేదంటే ఏమనుకోవాలి? నిజమైతే పంపేవారు కదా, కంగారులో ఏదో అన్నారు, అంతేలే అనుకున్నాను. చేరాం కూడా." గొంతులో కోపం లేదు. పెద్దవాళ్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "డబ్బా కొడితే తడి కనిపిస్తుంది. కనిపిస్తే నేను రాయాలి. రాస్తే లోడింగ్ ఆపాలి. ఆపితే, మీ ల్యాబ్ 8.9 అంటోంది కదా నువ్వెందుకు ఆపావని నన్నడుగుతారు. ఇప్పుడు చెప్పండి, కాగితం మార్చి ఇస్తారా? ఇప్పుడే ఇవ్వండి, ఇప్పుడే ఆపేస్తాను."

పెన్ను జేబులోనే ఉంది.

"సార్‌ని అడగాలి" అన్నాను.

"అడగండి" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తల వంచి గుమ్మం దాటి వెళ్లాడు. మా గుమ్మం ఎత్తైనదే, వంగక్కర్లేదు.

సార్‌ని అడగలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఓడ వెళ్లింది. నేను చెప్పాను. ఎదురుగా నిలబడి చెప్పాను.

ఆగస్టు 13, బుధవారం

చెప్పాను కదా. అంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఈయనా అదే అన్నారు, "నువ్వు చెప్పావు" అని. రెండోసారి అనమన్నాను. అన్నారు.

ఆగస్టు 17, ఆదివారం

మ్యాపు మీద మళ్లీ ఏదో తిరుగుతోంది. మెసేజ్ పెట్టాను, "ఎలా ఉన్నారు?" అని. ఇంకేం రాయాలో తెలియలేదు.

ఆగస్టు 20, బుధవారం

పదో రోజు. నిన్న మధ్యాహ్నం నుంచి ఓడ జవాబు ఇవ్వడం లేదట. సార్ గదిలో షిప్పింగ్ ఆఫీసు మనిషి కూర్చుని ఉన్నాడు. ఈ ఓడ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇమ్మన్నారు. పెట్టాను. రంధ్రాలు సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ పెట్టాను.

ఆగస్టు 21, గురువారం

పదినిమిషాల్లో అయిపోయిందట. ఒక పక్కకి ఒరిగింది, మళ్లీ లేవలేదు. ఇద్దరు దొరికారు, వంటాయన, ఇంజిన్ గదిలో నూనె పోసే అతను. దొరికినవాళ్లలో పొడుగాటి మనిషి లేడు.

ఈయన బెల్టు దగ్గర కుప్పకూలిపోయారని కబురొచ్చింది. వెళ్లి పట్టుకొచ్చాను. అత్తయ్య మా ఇద్దరికీ అన్నం కలిపి పెట్టారు, చిన్నపిల్లలకి పెట్టినట్టు. ఏమీ అడగలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

చంపాను.

ఆగస్టు 23, శనివారం

నిన్నటిది కొట్టేయబోయి ఆగాను. ఉండనీ.

ఒక ఆలోచన వస్తోంది. అంతా చెప్పేస్తే? ఓవెన్, 3.30, మేట్‌తో నేనన్న మాట, అన్నీ. దాంతో ఎవరూ తిరిగి రారు. కానీ ఒక్కటి మిగులుతుంది. నేను చెప్పానన్నది మిగులుతుంది. ఈ పదిహేను రోజులూ నేను అన్నం ముద్ద మింగుతున్నది ఆ ఒక్క మాట పట్టుకునే.

ఆగస్టు 25, సోమవారం

విచారణ కాగితాలు వచ్చాయి. ఇరవై రెండు ప్రశ్నలు, కింద సంతకం. సార్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఒక్కసారిగా పదేళ్లు మీదపడ్డట్టున్నారు. "తొందర లేదమ్మా, నిదానంగా రాయి" అన్నారు. దశాంశాలు నేర్పేటప్పుడు కూడా ఇలాగే అనేవారు.

శాంపిల్ తీసిన సమయం రాశాను. తూచిన సమయం, 3.30. తేమ, 8.9. జత సంచులు విప్పి చూశారట, 8.9 వచ్చిందని పక్కనే టైపు చేసి ఉంది.

పన్నెండో ప్రశ్న, ఓడ తరఫున డబ్బా పరీక్ష జరిగినట్టు మీకు తెలుసా? తెలియదని రాశాను. అది నిజమే. నిజం రాయడానికి ఇంత సిగ్గేసింది ఎప్పుడూ లేదు. మేట్ తన పని చేయలేదని వాళ్లు రాసుకుంటారు.

పద్నాలుగో ప్రశ్న, సరుకు తేమ గురించి మీకు అనుమానం ఉండి, ఆ సంగతి ఓడవాళ్లకి ఎప్పుడైనా తెలియజేశారా?

అక్కడ ఆగిపోయాను. చెప్పానని రాస్తే, తెలిసే సంతకం పెట్టానని అవుతుంది. సార్ కిటికీ వైపు చూస్తున్నారు. చెప్పానండీ, తలుపు వేసి చెప్పాను, బతిమాలాను, అతను ఇక్కడే ఈ బల్ల ముందే నిలబడి విన్నాడు. ఇది విన్నవాడు అతనొక్కడే.

మధ్యాహ్నం మరుగుదొడ్డిలోకి వెళ్లి ఫోన్లో ఉన్న మేట్ మెసేజ్‌లన్నీ తీసేశాను. తిరిగొచ్చి "లేదు" అని రాశాను. సంతకం పెట్టాను. సార్ ముద్ర కొట్టారు.

ఇప్పుడిక అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.